వానకు మొక్కేది మనమే! వాన పడితే చిక్కేది మనమే!

మట్టి రోడ్ల పల్లెలన్నిటికీ పిలుపు
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, గండి

అన్నలారా! అక్కలారా! ఆటో తోలే తమ్ముళ్లారా! పాలక్యాను ఎత్తుకొని తెల్లారకముందే బయల్దేరే అవ్వలారా!

మబ్బు పట్టింది. పైరుకు పండగ. మరి మన గుండె ఎందుకు దడదడా కొట్టుకుంటాంది? ఊరి రస్తా సంగతి మనకు తెలుసు గనక!

మన కడప జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ రొంత వాన కోసం మనం చేయని పని ఉందా? కప్పలకు పెండ్లి చేస్తాం. గుళ్లో భజన పెడతాం. బోరు ఎండితే ఇంకో బోరు వేస్తాం, అప్పు మీద అప్పు తెస్తాం. ఆకాశం దిక్కు చూసి చూసి మెడలు పట్టేస్తాయి. ఆఖరికి వాన వస్తుంది. మరుసటి పొద్దు ఏమైతాది? ఆటో రాదు. బస్సు రాదు. పాల వ్యాను రాదు. పిల్లోళ్లు బడికి పోరు. కరువొచ్చినా కనీసం ఊరు దాటి కూలికి పోవడానికి బాట ఉంటాది. వానొస్తే ఆ బాటా ఉండదు! ఇదేం న్యాయం?

రేగడి సంగతి రేగడి ఊరోళ్లకు చెప్పాల్నా? పెద్దముడియం, రాజుపాళెం, జమ్మలమడుగు, కొండాపురం, ముద్దనూరు, సింహాద్రిపురం. ఈ దిక్కు నల్లరేగడి మీద గట్టిగా ఒక వాన పడితే చాలు, చెప్పులు చేతికొస్తాయి. అడుగు తీసి అడుగు వేస్తే కాలికి అరకిలో మట్టి. మోటారు బండి సంగతి ఇంకా ఘోరం. మడ్‌గార్డుకూ చక్రానికీ నడుమ బంకమట్టి కూరుకుపోతాది. చక్రం బిగుసుకుంటాది. ఇంజను అరుస్తాది, బండి కదలదు. దిగాల. కట్టెపుల్ల తీసుకొని గెలకాల. పది బారలు పోవాల. మళ్లీ దిగాల! అందుకే వానాకాలం వస్తానే మనోళ్లు ముందు చక్రం మడ్‌గార్డు ఊడబీకి ఇంట్లో పెడతారు. మొగం నిండా బురద చిమ్మినా సరే, బండి కదిలితే చాలు! దుడ్లు పోసి కొన్న బండిని మనమే ఊడబీక్కొని తిరగాల! ఈ గతి ఏ పట్నమోడికైనా ఉందా?

సరే, మడ్‌గార్డు తీసినాం. ట్రాక్టరు పోయిన గాడిలో చక్రం పడితే? బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు! ఆ గాడి రెండు రోజుల ఎండకు ఎండి గట్టి పడిందంటే ఇంకా కష్టం. బురదలో పడితే గుడ్డలు పాడైతాయి. ఎండిన గాడిలో పడితే ఎముకలు విరుగుతాయి!

ఎర్రనేల ఊర్లది ఇంకో కథ. వేంపల్లె, చక్రాయపేట దిక్కు కొండ వారన నీళ్లు నిలవవు, ఉరుకుతాయి. ఉరికే నీళ్లు మట్టిని కోసుకొని పోతాయి. నిన్న బండి పోయిన చోట ఈ పొద్దు మోకాలి లోతు గుంత. మన్ను కొట్టుకపోయి గుండ్రాళ్లు మిగుల్తాయి. చీకట్లో మోటారు వేయడానికి పోయే రైతు ఆ గుంత యాడుందని చూసుకోవాల? సెల్లు లైటుతోనా?

పెద్ద రోడ్డు ఉండే వాళ్లు అనుకోవచ్చు, "రెండు రోజులు ఓర్చుకుంటే ఆరిపోతాది కదా" అని. రెండు రోజులు! ఆ రెండు రోజుల్లో ఏమేం జరుగుతాదో లెక్క చెప్తాం, వినండి.

పులివెందుల దిక్కు అరటి తోట. కాయ కోతకొచ్చింది. లారీ తోట కాడికి రాదు, తారు రోడ్డు మీదే నిలబడుతుంది. గెలలు నెత్తిన పెట్టుకొని బురదలో మోయాల. మోసినందుకు కూలి ఎవరిస్తారు? రైతే! దారిలో జారి పడి కాయ నలిగితే నష్టం ఎవరిది? రైతుదే! "రోడ్డు బాగలేదప్పా" అని వ్యాపారి టన్ను మీద రేటు కోస్తాడు. ఆ కోత ఎవరికి? అదీ రైతుకే! చీనీ కాయలకూ ఇదే వరస. పంట పండించినందుకు మందులకు, ఎరువులకు పెట్టుబడి పెడతాం, సరే. మట్టి రోడ్డుకు కూడా ఏటా కప్పం కట్టాల్నా? ఈ కప్పం ఏ బడ్జెట్టులోనూ కనపడదు. మన జేబులో మాత్రం చిల్లు కనపడతాది!

శనగ రైతు సంగతి చూడండి. రేగడిలో పదును ఉన్నప్పుడే విత్తనం పడాల. పదును నాలుగు రోజులు ఉంటాది. అవే నాలుగు రోజులు రోడ్డు బురద! విత్తనాలు ఊర్లో, చేను ఆ పక్కన, నడుమ అడుసు. పదునుకు మొక్కాల్నా, పదును పోవాలని మొక్కాల్నా?

పాలు ఆగవు. పొద్దున పితికిన పాలు వ్యాను రాకపోతే మధ్యాన్నానికి విరిగిపోతాయి. బర్రె మాత్రం మేత తినడం మానుకుంటాదా?

ఆడబిడ్డల సంగతి చెప్పకపోతే ఈ కాగితం దండగ. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే! చప్పట్లు కొట్టినాం. మరి బస్సేది? వాన పడిన పొద్దు పల్లెవెలుగు మన ఊరి మలుపు కాడే నిలిచిపోతాది. అసలు మలుపు దాకా కూడా రాని ఊర్లు ఎన్ని? టికెట్టు లేని బస్సు ఇచ్చినారు, బస్సు వచ్చే రోడ్డు ఇయ్యలేదు! కాలేజీకి పోయే అమ్మాయి మోకాళ్ల దాకా బురదలో నడిచి, తారు రోడ్డు కాడ బోరింగు కింద కాళ్లు కడుక్కొని, తడిసిన పావడాతో సాయంత్రం దాకా క్లాసులో కూర్చోవాల. నాలుగు రోజులు పోతాది. అయిదో రోజు ఇంట్లో వాళ్లే అంటారు, "వద్దులేమ్మా, రొన్నాళ్లు ఆగు" అని. ఆ రొన్నాళ్లు రొన్నాళ్లుగానే ఉంటాయా? ఎంతమంది చదువు ఆ బురదలోనే ఆగిపోయిందో మీ ఊర్లో వేళ్లు మడిచి చూసుకోండి.

కాన్పు దగ్గర పడిన బిడ్డను ఏం చేస్తాం? పది రోజుల ముందే టౌనులో చుట్టాలింటికి పంపిస్తాం. టౌనులో చుట్టాలు లేనోళ్లు? దేవుని మీద భారం వేస్తారు! 108 బండ్లు 2005 నుంచి ఉన్నాయి. ఫోను చేస్తే వస్తాయి, కాదనడం లేదు. అయితే యాడికి వస్తాయి? తారు రోడ్డు దాకా! ఆ నడుమ కిలోమీటరున్నర మంచం మీద మోయాల, లేదంటే ట్రాక్టరు ట్రాలీలో పండబెట్టి తోలాల. నొప్పులు పడే మనిషికి ఆ ట్రాలీ కుదుపు ఎట్లుంటాదో మగోళ్లు ఒకసారి ఆలోచన చేయండి. పాము కరిచిన రైతుకు ఆ కిలోమీటరున్నర ఎంత దూరమో కూడా ఆలోచించండి.

ఇదంతా తలరాత అంటారు కొందరు. కాదు! రేగడి తడిస్తే ఉబ్బుతాది, ఎండితే నెర్రెలిస్తాది. ఉబ్బినప్పుడు దానికి బరువు మోసే బలం ఉండదు. ఇది రోడ్లు వేసే ఇంజినీర్లు చదువుకున్న సంగతే. దానికి మందు కూడా వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. మెత్తటి మట్టి తీసేయాల. రోడ్డు పొలం కంటే ఎత్తు లేపాల. రేగడిలో సున్నం కలిపి గట్టి చేయాల. దాని మీద గరుసు పొరలు పొరలుగా పరచాల, ఒక్కో పొరకు నీళ్లు కొట్టి రోలరు తిప్పాల. నడుమ ఎత్తు, రెండు పక్కల వాలు ఉండాల. వారల్లో కాలువ తీయాల. వంక అడ్డమొచ్చిన చోట తూములు వేయాల.

మన రోడ్డుకు ఏం చేసినారు? నాలుగు ట్రిప్పుల ఎర్ర గరుసు తోలినారు. పచ్చి రేగడి మీదే కుమ్మరించినారు. జేసీబీతో అటు ఇటు నెట్టినారు. ఫొటో దిగినారు. పోయినారు! మొదటి వానకే ఆ గరుసు పాయసంలో జీడిపప్పు లెక్కన అడుగుకు పోయింది. దాన్ని రోడ్డు అంటారా? అది బిల్లు రోడ్డు! బిల్లు వచ్చేదాకా రోడ్డు, బిల్లు వచ్చినాక బురద!

ఇంకో సంగతి చూడండి. మన రస్తాలు పొలాల కంటే పల్లంలో ఉంటాయి. ఏండ్ల తరబడి బండ్లు తిరిగి, ప్రతిసారీ పైన గీకి సాపు చేసి, గీకి సాపు చేసి, లోతు పడిపోయినాయి. చుట్టుపక్కల చేలల్లో నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. మనం రోడ్డు మీద నడుస్తా ఉన్నామా, వంకలో నడుస్తా ఉన్నామా?

ఈ మాట కూడా చెప్పుకోవాల, కోపం తెచ్చుకోవద్దు. ప్రతి ఊరికీ రెవెన్యూ నక్షాలో రస్తా వెడల్పు రాసి ఉంటాది. ఆ వెడల్పు ఇప్పుడు నేల మీద ఉందా? ఏటికొక సాలు చొప్పున గట్టు కొట్టి కలుపుకున్నోళ్లు మన పక్క చేను వాళ్లే. తన చేలో నీళ్లు రోడ్డు మీదికి మళ్లించిన మహానుభావుడూ మన ఊరోడే. పక్క కాలువకు చోటు లేకపోతే ఎంత పెద్ద ఇంజినీరు వచ్చినా రోడ్డు నిలవదు. సర్వేయరును పిలిపిద్దాం, రాళ్లు నాటిద్దాం. కలుపుకున్నోళ్లు ముందుగా వదిలితే మర్యాద. ఊరంతా అడిగేదాకా తెచ్చుకోవద్దు!

పెద్ద వానొస్తే ఏమైతాదో 2021 నవంబరులో చూసినాం. కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద పెద్ద వంతెనే కూలిపోయింది. అదే నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊర్లకు ఊర్లు కొట్టుకపోయినాయి. అంత పెద్ద కట్టడాలకే ఆ గతి పడితే, మన వంకల మీద చప్టాలు ఎంత? కుందూ పొంగినప్పుడల్లా పెద్దముడియం, రాజుపాళెం జనం అవతలి గట్టు దిక్కు చూస్తా నిలబడాల్సిందే.

అందుకే రోడ్డు వచ్చేదాకా ప్రాణాలు కాపాడుకుందాం. తమ్ముళ్లారా, వంక పారుతాంటే బండి దించొద్దు! "నిన్న దాటినాను, ఈ పొద్దు దాటలేనా" అనే పౌరుషం వద్దు. అడుగు లోతు ఉరికే నీళ్లు చిన్న కారును లేపి పక్కకు నెడతాయి. రెండడుగులైతే జీపులకూ దిక్కు లేదు. కింద చప్టా ఉందో కొట్టుకపోయిందో పైనుంచి కనపడదు. బురదలో గట్టిగా బ్రేకు పట్టొద్దు, చిన్న గేరులో నిదానంగా, ఆగకుండా పోండి. ఇరుక్కున్న బండిని ట్రాక్టరుకు గొలుసేసి లాగేటప్పుడు పక్కన ఎవరూ నిలబడొద్దు. గొలుసు తెగి తగిలితే మనిషి మిగలడు. కలుపుకు పోయే ఆడవాళ్లను ట్రాలీ నిండా ఎక్కించి తడి గట్టు మీద తోలొద్దు. ట్రాలీ ఒరిగితే ఒక ఇంటి ఏడుపుతో పోదు. చేతనైతే ఒక పూట ఆగండి. ఎండ తగిలితే రేగడి రొంత గట్టి పడతాది.

ఆస్ట్రేలియాలో కూడా మారుమూల ఇట్లాంటి మట్టి రోడ్లే ఉన్నాయి. వాన పడితే ఆ రోడ్లు మూసేస్తారు. మూసిన రోడ్డు మీద బండి తోలితే జరిమానా కూడా వేస్తారు. తడి మీద ఒక్క బండి పోయినా గాళ్లు పడి రోడ్డు పాడైతాదని! బాగుంది. మరి మూసేస్తే లోపల జనం గతి? 1928 నుంచి ఆ దేశంలో డాక్టరు విమానంలో దిగుతాడు! మన కాడ రోడ్డు మూసేవాళ్లూ లేరు, తెరిచేవాళ్లూ లేరు. వాన మూస్తాది, ఎండ తెరుస్తాది!

మనకు విమానాలు వద్దు స్వామీ, గరుసు చాలు!

గండి వీరాంజనేయస్వామి సాక్షిగా అడుగుతాండాం. శ్రావణ శనివారాలు వస్తే గండికి ఎన్ని బండ్లు, ఎంత జనం! పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చే ఆ చోట రెండు కొండల నడుమ బంగారు తోరణం ఉందని, పుణ్యాత్ములకే కనపడతాదని పెద్దలు చెప్తారు. 1827లో చనిపోయే ముందు మద్రాసు గవర్నరు మన్రో దొరకు అది కనపడిందని కథ. తోరణం కనపడినోడు ఎక్కువ కాలం బతకడంట. మనకు తోరణం కనపడాల్సిన పని లేదు. గండి చుట్టూ ఉండే కొండ పల్లెలకు నాలుగు తూములు, రెండు చప్టాలు కనపడితే చాలు. వాటిని చూసినోళ్లు ఎక్కువ కాలమే బతుకుతారు!

"నిధులు లేవు" అంటారు. లేవా? 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో విడతకు ఒప్పుకుంది. దేశం మొత్తానికి 25,000 ఊర్లు, 62,500 కిలోమీటర్లు, 70,125 కోట్ల రూపాయలు! గడువు 2028-29 దాకా. 2011 జనాభా లెక్కల్లో కనీసం 500 మంది ఉండి, రోడ్డు లేని మైదాన ప్రాంతపు ఊరు ఏదైనా ఇందులోకి వస్తుంది. మన ఊరు జాబితాలో ఉందా లేదా? ఎవరైనా మనకు చెప్పినారా? మనమైనా అడిగినామా?

2024 అక్టోబరులో పల్లె పండుగ అని రాష్ట్రమంతా సిమెంటు రోడ్లు మొదలు పెట్టినారు. వీధి బాగుపడితే ఎవరు వద్దంటారు? కానీ సిమెంటు ఊరి లోపల, బురద ఊరి బయట! ఇంటి ముందర నున్నటి రోడ్డు మీద బండి స్టార్టు చేసి, ఊరి చివర అడుసులో దింపాల్నా? బయటికి పోయే దారి లేనప్పుడు వీధి ఎంత తెల్లగా మెరిస్తే ఏం లాభం?

ఇంకో ఆట ఉంది. అందరికీ అనుభవమే. పంచాయతీరాజ్ ఆఫీసుకు పోతే "అది ఆర్‌అండ్‌బీ రోడ్డు" అంటారు. ఆడికి పోతే "కాలువ కట్ట కదా, ఇరిగేషన్ వాళ్లను అడుగు" అంటారు. కొండ వారన అయితే "ఫారెస్టు వాళ్లది" అంటారు. ఓట్లకు వచ్చినప్పుడు మాత్రం ఈ రోడ్డు ఎవరిదని ఎవరూ అడగరు, అందరూ దాని మీదే వస్తారు! అదీ ఎండాకాలంలో! ఈ పార్టీ, ఆ పార్టీ అని మనలో మనం కొట్టుకుంటే బురద ఎవరినీ వదలదు. ఏ జెండా కట్టిన బండైనా ఆ గుంతలోనే ఇరుక్కుంటాది. ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన పులివెందుల గడ్డ మనది. ఇంకెవరి దయ కోసం కాచుకోవాల?

కాబట్టి అడుక్కోవడం చాలు, అడుగుదాం! కాగితం మీద అడుగుదాం! గ్రామసభలో అడిగిన మాట తీర్మానాల పుస్తకంలో రాయించాల. రాసినాక చదివి వినిపించమనాల. సంతకం పెట్టేటప్పుడు కింద ఖాళీ వదలొద్దు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉన్నాడు, సర్వేయరు ఉన్నాడు. వాళ్లను వాన పడిన మరుసటి పొద్దు రోడ్డు మీదికి రమ్మనాల. ఎండలో కొలిస్తే ఏం తెలుస్తాది? బురదలో నిలబడి కొలవమనాల!

పోయినసారి వేసిన రోడ్డుకు ఎంత ఖర్చు రాసినారు, ఎన్ని ట్రిప్పుల గరుసు రాసినారు, ఎంత మందం రాసినారు? 2005 సమాచార హక్కు చట్టం కింద కొలతల పుస్తకం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇయ్యాల. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. టీ తాగే దుడ్లతో గుట్టు బయటపడతాది! గ్రామ సడక్ యోజనలో వేసిన రోడ్డయితే, వేసిన కాంట్రాక్టరే అయిదేండ్లు బాగు చేయాల. రోడ్డు మొదట్లో బోర్డు మీద తేదీ ఉంటాది, చూడండి. తేదీ చెరిగిపోయి ఉంటే అది కూడా ఫొటో తీయండి.

గుంత గుంతకూ ఫొటో తీయండి. తేదీ రాసి పెట్టండి. ఇరుక్కున్న ఆటో, నెత్తిన గెలలు మోసే కూలీ, చెప్పులు చేత పట్టుకున్న బడి పిల్లోడు, అన్నీ తీయండి. అర్జీకి అవి జత చేస్తే "మా దృష్టికి రాలేదు" అనే మాట వాళ్ల నోట్లోనే ఆగిపోతాది.

మనం అడిగేది కొండంత కాదు. పొలం కంటే ఎత్తున రోడ్డు కావాల. రోలరు తిప్పిన గరుసు కావాల. రెండు వారల కాలువ కావాల. వంక కాడ తూము, చప్టా కాడ లోతు చూపే రాయి కావాల. వాన పడినప్పుడు 108 బండి ఇంటి ముందుకు రావాల. ఇవి వచ్చే వానాకాలం మొదలయ్యే లోపల కావాల. వానలో మొదలుపెట్టి వానలో కొట్టుకపోయే పనులు మనకొద్దు! పనికి టెండరు ఎండాకాలంలో, రోలరు ఎండాకాలంలో. ఆ మాట కూడా తీర్మానంలో రాయించండి.

ప్రతి సోమవారం మండలంలో, ఆర్డీఓ ఆఫీసులో, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. జమ్మలమడుగు డివిజను వాళ్లు జమ్మలమడుగుకు, పులివెందుల డివిజను వాళ్లు పులివెందులకు కదలండి. ఒక్కడు పోతే కుర్చీ చూపించరు. ఊరు ఊరంతా పోతే లేచి నిలబడతారు! రసీదు తీసుకోకుండా వెనక్కి రావద్దు.

అవ్వా, నువ్వు కూడా రా. పాలక్యానుతోనే రా. ఆటో తమ్ముడూ, ఆ పొద్దు బాడుగ మానుకొని పదిమందిని ఎక్కించుకొని రా. కాలేజీ చెల్లెమ్మా, అర్జీ రాసే చెయ్యి నీదే, పెన్ను తీసుకొని రా.

ఈ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకోవద్దు. పక్కింట్లో ఇయ్యండి. టీ కొట్టులో గట్టిగా చదవండి. చదువు రాని పెద్దోళ్లకు చదివి వినిపించండి. వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. ఒక్క మాట: కాళ్లు కడుక్కోకుండా రండి! సచివాలయం గచ్చు మీద మన బురద కాళ్ల అచ్చులు పడాల!

మట్టి రోడ్ల మీద నడిచే మీ తోటి జనం